గెడ్డ అవతలి జ్వరం

నేను మా అత్త మంచం పక్క నుంచి కదలని ఆరు వారాల్లో, వారం వారం లోవగూడ వెళ్ళి, ముప్ఫై ఒక్క ఇళ్ళూ తిరిగి, ఎక్కడా ఒక్క జ్వరం కూడా లేదని నేనే సంతకం పెట్టినట్టు రిజిస్టరులో ఉంది.

ఆ రిజిస్టరు వెతికి పట్టుకున్నది కాదు. వానకు తడిసొచ్చిన బావ సంచిని ఖాళీ చేసి ఆరబెడుతున్నాను. టిఫిన్ డబ్బా తీశాను, తడి చొక్కా తీశాను, కంపెనీ పేరున్న టోపీ తీశాను. అన్నిటికంటే అడుగున అట్ట ఉబ్బిపోయి ఆ పుస్తకం. పేజీలు అంటుకుపోకుండా ఫ్యాను కింద పెట్టి ఒక్కొక్కటీ విడదీస్తుంటే తేదీలు కంటపడ్డాయి. జులై పద్దెనిమిది. జ్వరాలు: లేవు. సంతకం: యమున. జులై పద్దెనిమిదిన నేను శ్రీకాకుళం ఆసుపత్రిలో అత్త మంచం పక్క నేల మీద ఉన్నాను. జులై ఇరవై అయిదు. జ్వరాలు: లేవు. ఆ రోజు అత్త తుంటికి వేసిన కుట్లు విప్పారు. ఆగస్టులో నాలుగు వారాలు. నాలుగు వారాలూ అత్తని ఒత్తిగిల్లబెట్టడం, మలమూత్రాలు ఎత్తడం, పుండు పడకుండా వీపుకి పౌడరు రాయడం. వీధి గుమ్మం వరకు వెళ్ళింది పాలవాడి కోసమే.

నేను ఆశ కార్యకర్తని. పాతపట్నం అవతల కొండవార, లోవగూడతో కలిపి అయిదు గూడేలు నావి. చీపురుపల్లి వైపు ఫ్యాక్టరీ ఉన్న కంపెనీ ఒకటి మూడేళ్ళ కిందట ఈ కొండవారని మలేరియా నుంచి కాపాడతామని ముందుకొచ్చింది. మందు పట్టించిన దోమతెరలిచ్చారు, గోడలకు మందు కొట్టేవాళ్ళని పెట్టారు, వేలి మీద చుక్క రక్తంతో జ్వరం తేల్చే కిట్లు ఇచ్చారు. వాళ్ళు ఏదో ఫోటోల కోసం వచ్చారని నేను అనలేను. కిందటి రెండు వానాకాలాల్లో నా గూడేల్లో జ్వరంతో ఎవరూ పోలేదు. ఈ పని చూసుకోవడానికి సూపర్వైజరు కావాలని కంపెనీ మేడం అనిత మొదట నాకే ఫోన్ చేసింది. ఫోన్ బావ ఎత్తాడు. "దానికి ఇంట్లో పనుంటాది మేడం, నాను సేస్తాను" అన్నాడు. అలా మా బావ మురళీమోహన్‌కి ఎరువుల కొట్టు ఉద్యోగం పోయి కంపెనీ ఉద్యోగం వచ్చింది. బావ అంటే మేనత్త కొడుకే. మాకు పెళ్ళై పదకొండేళ్ళు.

ఉద్యోగం వచ్చిన రోజే పని పంచాడు. "ఇళ్ళు నీయి, కాయితాలు నాయి" అన్నాడు. నేను తిరిగొచ్చి పొయ్యి దగ్గర నిలబడి ఏ ఇంట్లో ఎవరికి ఏమిటో చెబుతుంటే బావ రాసుకునేవాడు. సంతకాలు కూడా తనే పెట్టేవాడు, తర్వాత తర్వాత బ్యాంకులోనూ సంఘంలోనూ. అది నాకు తెలుసు. తెలియదని చెబితే అబద్ధం. మా వైపు అది తప్పుగా ఎవరూ అనుకోరు. డ్వాక్రా సంఘం మీటింగులో కుర్చీలో కూర్చునేది మొగుళ్ళే, టీ పెట్టేది సభ్యులు. మా ఏఎన్ఎం సిస్టర్ అయితే ప్రతి నెలా అనేది, "రాత పనంతా సేసిపెట్టే మొగుడు ఎవులికి దొరుకుతాడే యమునా" అని. దొరికాడు కదా అని నేనూ సంతోషపడ్డాను. తిరిగొచ్చాక ఇంకో గంట కూర్చుని రాసే బదులు ఆ గంటలో పప్పు ఉడికేది, బట్టలు నానేవి.

కానీ నేను తిరగని ఇళ్ళ మీద నా సంతకం ఇంతవరకు చూడలేదు.

బావ స్నానం చేసొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. అన్నం వడ్డించి అడిగాను.

"బావా, ఈ ఆరు వారాలూ లోవగూడ ఎవులెల్లారు?"

"నానే ఎల్లాను. మరెవులెల్తారు? నువ్వు అమ్మ దగ్గిరున్నావు కదా."

"ఇల్లిల్లూ తిరిగావా?"

"తిరక్కుండా రాస్తానేటి?"

"ముప్ఫై ఒక్క ఇళ్ళు. ఇంత వాన. ఒక్కరికీ జొరం నేదా?"

బావ ముద్ద ఆపాడు. "తెరలిచ్చాం. మందు కొట్టించాం. ఇంకా జొరమెందుకొస్తాది? రావాలని నీకున్నాదేటి?"

మంచం మీద నుంచి అత్త తవిటమ్మ గొంతు వచ్చింది. "అన్నం కాడ పోలీసోడి లాగ ఆ ఆరాలేటే? ఆడు తిరిగి తిరిగి అలిసిపోయొచ్చాడు. నువ్వు ఇంట్లో ఫ్యాను కింద ఉన్నావు."

ఫ్యాను కింద ఉన్న మాట నిజమే. ఫ్యాను అత్త మంచం పైన ఉంది కనుక.

బావ నవ్వాడు. "ఎల్లుండి లోవగూడకి బోర్డు పెడతన్నారు, తెలుసా? 'మలేరియా లేని గూడెం' అని. వానాకాలంలో ఆరు వారాలు వరసగా సున్నా వస్తే ఇస్తారు. మొత్తం పద్నాలుగు గూడేల్లో మనదే ఫస్టు. నీకు శాలువా కప్పుతారు, నలగని చీరొకటి తీసిపెట్టుకో."

బోర్డు అంటే ఏమిటో నాకు తెలుసు. బోర్డు పెట్టిన గూడేనికి మందు కొట్టేవాళ్ళు ఇక రారు. కిట్లూ మందులూ ఇంకా జ్వరాలున్న గూడేలకు మళ్ళిస్తారు. అందులో తప్పేమీ లేదు, నిజంగా సున్నా అయితే.

మర్నాడు పొద్దున్నే అత్తకి ఒళ్ళు తుడిచి, జావ తాగించి, పక్కింటి పిన్నిని కాపలా కూర్చోబెట్టాను. బావ పాతపట్నంలో టెంటు మాట్లాడడానికి వెళ్ళాడు. నేను నా పెట్టె తీసుకుని ఆటో ఎక్కాను. పెట్టెలో ఇరవై అయిదు కిట్లున్నాయి. రోడ్డు ఆగిపోయిన చోట దిగితే అర కోసు నడక, ఆ తర్వాత గెడ్డ. కొండ మీద నుంచి దిగే వాగు అది. వేసవిలో చీలమండ తడవదు, వానల్లో నడుము దాకా వస్తుంది. చీర ఎగ్గట్టి, పెట్టె నెత్తిన పెట్టుకుని దిగాను.

అవతలి ఒడ్డున గూడెం పెద్ద అసిరయ్య మేకలను తోలుతూ ఆగిపోయాడు.

"ఓలమ్మా, ఆసమ్మే! బతికే ఉన్నావేటి? పెద్ద ఉజ్జోగమొచ్చి ఎలిపోనావని సెప్పుకున్నాం."

"మా అత్తకి తుంటి ఇరిగింది తాతా. నా బదులు మా బావ వచ్చాడు కదా?"

"వచ్చాడు, వచ్చాడు. ఒక్క వారం తప్పనేదు. అదుగో, ఆ ఒడ్డు దాకా."

"ఆ ఒడ్డు దాకానా?"

"గెడ్డ పొంగి ఉన్నాది కదమ్మా. బూట్లు తడిసిపోవూ? ఆడ బండాపి కేకేస్తాడు. 'తాతా, అందరూ బాగున్నారా?' అని. 'బాగున్నాం బాబూ' అంటాం. సెయ్యూపుతాడు. ఎలిపోతాడు."

పెట్టె నెత్తి మీద నుంచి దించాను.

ఈ పనిలో చేరిన మొదటి ఏడు నేనూ అదే చేశాను. ఇవతలి ఒడ్డు నుంచి కేకేసి అడిగాను, బాగున్నాం అన్నారు, వెనక్కి తిరిగాను. సగం దారిలో ఒక ముసలావిడ తడిబట్టలతో పరుగెత్తుకొచ్చి నా చెవిలో చెప్పింది, ఇంట్లో ఇద్దరికి జ్వరం అని. మరి అడిగితే చెప్పలేదేమంటే నన్నే తప్పు పట్టింది. నీళ్ళ మీదుగా జబ్బు పేరు పలకకూడదట. పలికితే ఆ జబ్బు కేక వెంటే దాటొచ్చి పలికినవాళ్ళ ఇంట్లో కూర్చుంటుందట. ఇంట్లో శవమున్నా సరే, గెడ్డ అవతల నుంచి ఎవరడిగినా లోవగూడ వాళ్ళు చెప్పే జవాబు ఒక్కటే. బాగున్నాం. జ్వరం సంగతి తెలియాలంటే గెడ్డ దాటాలి, గుమ్మంలో కూర్చోవాలి, వాళ్ళిచ్చిన నీళ్ళు తాగాలి. ఆ రోజు ఇంటికొచ్చి ఈ మాట బావకి చెప్పాను. "ఓరి పిచ్చి జనం" అని చాలాసేపు నవ్వాడు.

గూడెంలోకి వెళ్ళాను. దోమతెరలు ఇంటింటా ఉన్నాయి. చక్కగా నాలుగు మూలలా కట్టి ఉన్నాయి. వాటి కింద మనుషులు లేరు. మొక్కజొన్న కంకులు పాలు పట్టాయి, అడవిపందుల భయానికి ఇళ్ళకి ఇళ్ళు కొండ మీద మంచెల్లో పడుకుంటున్నాయి. తెర ఇంట్లో, ఒళ్ళు కొండ మీద. ఇది ప్రతి ఆగస్టులోనూ జరిగేదే. ప్రతి ఆగస్టులోనూ నేను తెరలు విప్పించి మంచెల మీద కట్టించేదాన్ని. చూడడానికి చిన్న పని. అరిచీ బతిమాలీ మూడు రోజులు పడుతుంది. దానికి ఏ రిజిస్టరులోనూ గడి లేదు కనుక, ఈ ఏడు అది జరగలేదని ఎవరికీ తెలియలేదు.

అసిరయ్య కోడలు షీబా చాప మీద ముడుచుకుని ఉంది. ఏడో నెల కడుపు. తొమ్మిది రోజులుగా జ్వరం. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారట.

"ఆసమ్మా, నువ్వొస్తావని రోజూ సూసాను" అంది.

ఆమె చెయ్యి అందుకున్నాను. వేలికి సూది గుచ్చాను. కిట్టులోని పలక మీద చుక్క వేశాను. పావుగంట చూడాలి. అయిదు నిమిషాలకే రెండో గీత తేలింది, మలేరియానే.

ఒంట్లో వేడి ఉన్నవాళ్ళని, వారంలో వణుకు వచ్చిపోయినవాళ్ళని పిలిపించాను. పంతొమ్మిది మంది వచ్చారు. షీబాతో కలిపి తొమ్మిది మందికి రెండో గీత ఉంది. ప్రతి పలక వెనకా పెన్నుతో పేరు రాసి కవరులో వేశాను. ఎనిమిది మందికి నా దగ్గరున్న మాత్రలు మొదటి మోతాదు నా కళ్ళ ముందే మింగించాను. షీబాకి నా మాత్రలు చాలవు. డోలీ కట్టి గెడ్డ దాటించారు, రోడ్డు మీద నుంచి అంబులెన్సులో పాతపట్నం. అక్కడ డాక్టరమ్మ రక్తం చూసి, "ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే నా దగ్గరికి తేవక్కర్లేకపోయేది" అంది. నా వైపు చూసే అంది. ఆ గూడెం ఆశ ఎవరో ఆవిడకి తెలుసు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బావ కూర్చుని ఉన్నాడు. పిన్ని చెప్పినట్టుంది.

"ఎవులెల్లమన్నారు నిన్ను?"

"తొమ్మిది మందికి ఉన్నాది బావా. షీబాని ఆసుపత్రిలో పెట్టొచ్చాను."

"తొమ్మిదా?" అని లేచి తలుపు దగ్గరికి వేశాడు. "ఎవులికి సెప్పావు?"

"ఇంకా ఎవులికీ సెప్పనేదు. మేడంకి సెప్తాను."

బావ గొంతు మెత్తబడింది. నాతో పనున్నప్పుడు అలా మెత్తబడుతుంది. "ఇన్నావా యమునా, ఒక్క రోజు. రేపు బోర్డు అయిపోనీ. ఆ తరవాత నీ ఇష్టమొచ్చినంత మందికి మందులియ్యి. మందులొద్దని నానన్నానా?"

"బోర్డు పెడితే మందు కొట్టేవోళ్ళు రారు. కిట్లు ఆగిపోతాయి. ఇంకా కంకులు కొయ్యడానికి నెల ఉన్నాది. ఆ తొమ్మిది ముప్ఫై అవుతాది."

"అప్పుడు సూద్దాం."

"అప్పుడు నాను సూడను బావా. రేపే సెప్తాను."

అప్పుడు నవ్వాడు. "ఏటని సెప్తావు? రిజిస్టరు ఎవులిది? ఆశది. సంతకం ఎవులిది? యమునది. తిరక్కుండా దొంగరాత రాసింది ఎవులవుతారు? నాను సూపర్వైజర్ని. నువ్విచ్చిన కాయితం తీసుకొని పైకి పంపేవోడ్ని. నోరిప్పితే పోయేది నీ ఉజ్జోగమే."

"పోతే పోనీరా" అంది అత్త మంచం మీద నుంచి. నా మీద దయతోనే అంది. "తప్పు నీ మీదే ఏసుకోవే యమునా. మగోడి ఉజ్జోగం పోతే ఊరంతా తెలుస్తాది. ఆడదాని ఉజ్జోగం పోతే ఇంట్లో వంట తొందరగా అవుతాది. అంతే కదా."

అంతే కదా. నేను అత్తని ఒత్తిగిల్లబెట్టి, వీపు తుడిచి, పౌడరు రాస్తూ ఆ అంతే కదా గురించి ఆలోచించాను. లోవగూడలో నన్ను ఆసమ్మ అంటారు, నా పేరు ఎంతమందికి తెలుసో నాకే తెలియదు. పేరు తెలియకపోయినా నేను వస్తానని తొమ్మిది రోజులు గుమ్మం వైపు చూసిన మనిషి ఉంది. నా పేరు తెలిసిన చోట, అంటే బ్యాంకులో, సంఘంలో, ఆసుపత్రిలో, ఫ్యాక్టరీ ఆఫీసులో, నేను లేను. నా పేరు మాత్రం తిరుగుతోంది, చెప్పులేసుకుని, బావ బండి మీద. నేను ఇంట్లో మలం ఎత్తుతున్న రోజున అది లోవగూడ గెడ్డ ఒడ్డున నిలబడి, షీబాకి జ్వరం లేదని రాసొచ్చింది. రేపు షీబాకి ఏమైనా అయితే డాక్టరమ్మ చూపు పడేది ఆ పేరు మీదే, అంటే నా మొహం మీదే. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. కానీ అంతకంటే ముందు ఇంకో లెక్క తేలిపోయింది నాకు. నేను నోరు మూసుకుంటే, గెడ్డ అవతలున్న వాళ్ళు బాగున్నాం అనడానికీ నేను బాగున్నాను అనడానికీ తేడా ఉండదు. వాళ్ళకి కనీసం ఒక నమ్మకం అడ్డం. నాకేముంది?

పొద్దున్న తొమ్మిదింటికి గెడ్డ ఇవతలున్న బడి వరండాలో టెంటు వేశారు. గుడ్డ కప్పిన బోర్డు గోడకి ఆనించి ఉంది. అసిరయ్యతో పాటు గూడెం వాళ్ళు పది మంది వచ్చి కూర్చున్నారు. కంపెనీ బండి దిగి అనిత మేడం నేరుగా నా దగ్గరికొచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి, విశాఖపట్నం మనిషి. మొదటి ఏడు తెరలు చిన్నవి వస్తే తల్లీ ముగ్గురు పిల్లలూ పట్టేవి కావాలని పైవాళ్ళతో పోట్లాడి మార్పించింది.

"యమున గారూ, మీవల్లే ఇదంతా" అంది.

"కాదు మేడం" అని కవరు ఆమె చేతిలో పెట్టాను. తొమ్మిది పలకలు. తొమ్మిది పేర్ల కాగితం. కింద నా సంతకం. పదకొండేళ్ళలో ఇంత పెద్ద కాగితం మీద నేను పెట్టిన మొదటి సంతకం అదేనని పెడుతున్నప్పుడు తోచలేదు.

అనిత పలకలు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. మొహం మారింది. "నిన్నటివా ఇవి? మరి ఆరు వారాల సున్నా?"

బావ చకచకా వచ్చాడు. "మేడం, అవి పక్క గూడేలవై ఉంటాయి. మా అమ్మ జబ్బుతో నిద్రల్లేక అది కంగారులో ఉంది. ఈ కాయితం తీసుకోకండి. ఆ సంతకం సూడండి. అది మా ఆవిడ సంతకం కాదు."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా పెన్ను ఇంకా నా చేతిలోనే ఉంది.

అనిత ట్యాబు తెరిచి మూడేళ్ళ కాగితాలు తీసింది. ప్రతిదాని మీదా ఒకే సంతకం, గుండ్రంగా, కింద గీతతో. నా కాగితం మీద అక్షరాలు విడివిడిగా, స్కూల్లో నేర్చుకున్నట్టు ఉన్నాయి. తెల్లకాగితం ఇచ్చి మళ్ళీ పెట్టమంది. మూడుసార్లు పెట్టాను. మూడూ ఒకలాగే ఉన్నాయి. రికార్డుతో ఒక్కటీ కలవలేదు.

"నాకు పలకలు కనిపిస్తున్నాయి యమున గారూ. కానీ పైవాళ్ళకి కాగితాలే కనిపిస్తాయి" అంది అనిత నెమ్మదిగా. "రెండు కాగితాలు వెళితే రికార్డుతో కలిసిన సంతకాన్నే నమ్ముతారు. ఆ రిజిస్టరు తప్పని తేలకపోతే లోవగూడ మందు కొట్టే జాబితాలోంచి పోతుంది."

"రికార్డుతో కలిసే సంతకం కావాలంటే మా బావని పెట్టమనండి మేడం" అన్నాను. "ఆయనకి బాగా వచ్చు."

టెంటు కింద ఎవరో కిసుక్కుమన్నారు. అసిరయ్య లేచాడు. "మురళిబాబు గెడ్డ దాటనేదమ్మా. ఒడ్డు మీంచే కేకేసాడు. అబద్ధమాడితే నా నోట్లో మన్ను."

"ఏటి తాతా నువ్వు కూడా" అని బావ నవ్వబోయాడు. ఎవరూ కలవలేదు.

నేను బావ వైపు తిరిగాను. గొంతు పెంచలేదు. "బావా, నానొకటి అనుకున్నాను. ఈ రోజు నుంచి నా పేరున్న ప్రతి కాయితం మీదా నానే పెడతాను. బ్యాంకులో, సంఘంలో, పంచాయితీలో. అన్నిచోట్లా సంతకం కలవనేదంటారు. ఎందుకని అడుగుతారు. నాను సెప్పను. మా బావని పిలవండంటాను. ఊరూరా ఒక్కో ఆఫీసులో ఒక్కోసారి సెప్పుకుంటావో, ఇక్కడ ఒక్కసారి సెప్తావో నీ ఇష్టం."

బావ బోర్డు వైపు చూశాడు, అసిరయ్య వైపు చూశాడు, తర్వాత నేల చూశాడు. చొక్కా చంకల దగ్గర తడిసిపోయింది.

అనిత కాగితం, పెన్ను ముందుకు తోసింది. "జరిగింది మీ మాటల్లో రాయండి."

"రాయించొద్దు మేడం" అన్నాను. "రాస్తే ఎవరి రాతో మళ్ళీ తేలదు. చెప్పమనండి."

అనిత ఫోను రికార్డింగులో పెట్టి బల్ల మీద ఉంచింది. బావ గొంతు సవరించుకున్నాడు.

"మురళీమోహన్‌ని సెప్తన్నాను. లోవగూడ రిజిస్టరులో ఆరు వారాలూ రాసింది నానే. యమున సంతకం నానే పెట్టాను. ఒక్క ఇంటికీ ఎల్లనేదు. గెడ్డ ఇవతల నుంచి అడిగాను. ఆల్లు బాగున్నామనే అంటారని నాకు తెలుసు. యమునే సెప్పింది ఒకసారి. అందుకే ఆడ నుంచి అడిగాను. దాటి అడిగితే జొరాలున్నాయంటారు, అప్పుడు సున్నా రాదు. దానికి ఏటీ తెలీదు. అది మా అమ్మ దగ్గిరున్నాది."

అనిత డ్రైవరుని పిలిచి బోర్డు బండిలో పెట్టేయమంది. మందు కొట్టేవాళ్ళకి ఫోన్ చేసి మధ్యాహ్నానికల్లా లోవగూడ రమ్మంది. కొండ మీది మంచెలు కూడా అని నేనందిస్తే, మంచెలు కూడా అని ఫోనులో చెప్పింది. గూడెం వాళ్ళు లేచి దులుపుకుంటున్నారు. బావ పని అయిపోయిందన్నట్టు నుదురు తుడుచుకున్నాడు. ఫోను ఇంకా రికార్డు చేస్తూనే ఉంది.

"ఎప్పటినుంచి బావా?" అన్నాను. నిజానికి కంపెనీ ఉద్యోగం నుంచే అంటాడనుకున్నాను. "నా సంతకం పెట్టడం ఎప్పుడు మొదలుపెట్టావు?"

బావ మేడం వైపు చూడలేదు, ఫోను వైపు చూడలేదు.

"పెళ్ళైన కొత్తలో. నువ్వు నర్సు ట్రైనింగుకి అర్జీ పెట్టావు కదా. సీటొచ్చింది నీకు. శ్రీకాకుళంలోనే. ఉత్తరం నా సేతికొచ్చింది. రానేదని సెప్పాను. నువ్వు రెండ్రోజులు అన్నం తిననేదు. నాకూ బాధేసింది, నేదని కాదు. కానీ అప్పటికే ఆల్లకి తిరిగి రాసేసాను, నాకు సీటొద్దు అని. కింద నీ పేరు పెట్టాలి కదా. నీ పాత నోటుపుస్తకం ముందేసుకుని సూసి పెట్టాను, అప్పటికింకా ఆ గుండ్రాలూ గీతా నేవు. నాలుగుసార్లు తప్పొచ్చింది. అయిదోసారి కుదిరింది."